లంద నుంచి గాయం మీదికి

తోలు పనివాళ్ళ ఇంట్లో పుట్టినవాళ్ళకి చర్మం సంగతి బడికి వెళ్ళకముందే తెలిసిపోతుంది. పైన వెంట్రుకలతో ఉండే పలచటి పొర. దాని కింద మందంగా, తెల్లగా, లాగినా తెగని పొర. ఆ కింద కొవ్వు, మాంసపు పోగులు. పైదాన్ని గీకి పారేస్తారు, అడుగుదాన్ని చెక్కి పారేస్తారు. మధ్యలో మిగిలిందే తోలు. చెప్పయినా, మోట తొండమైనా, డప్పయినా ఆ మధ్య పొరే.

మా తాత పల్నాటిలో మా పల్లె చివర తోళ్ళు ఊనే లంద నడిపిన మనిషి. నేను నర్సునయ్యాను. పెద్దాసుపత్రి కాలిన గాయాల వార్డులో ఏళ్ళ తరబడి డ్రెస్సింగులు చేసి రిటైరయ్యాను. తాత గీకి నిలబెట్టిన ఆ మధ్య పొరా, నేను కాలిన ఒంటి మీద పరిచిన పలచటి పొరా ఒకే పదార్థం. దాని పేరు కొల్లాజెన్. లందనీ ఆసుపత్రినీ కలిపిన దారి మద్రాసు అడయారు మీదుగా వెళ్ళింది. ఆ దారిలో తెనాలి ప్రాంతపు రైతుబిడ్డ ఒకాయన ఉన్నాడు, భౌతికశాస్త్రం చెప్పే ఆచార్యుడు ఒకాయన ఉన్నాడు, సముద్రాల అవతల గాజు పళ్ళెంలో మనిషి చర్మాన్ని పెంచినవాళ్ళున్నారు. వీళ్ళందరి కథా ఒకచోట చెప్పాలని నాకు చాలాకాలంగా ఉంది.

ముందు లంద సంగతి. గొడ్డు చచ్చిన కబురు ఊళ్ళోంచి రాగానే తాత, చిన్నతాత కలిసి వెళ్ళేవాళ్ళు. ఒలిచిన తోలుకి ఉప్పు పట్టించి, నీళ్ళలో నానేసి, తరవాత సున్నపు గుంటలో వేసేవాళ్ళు. సున్నంలో వారం పది రోజులు ఊరితే వెంట్రుకల కుదుళ్ళు వదులవుతాయి. అప్పుడు తోలుని ఏటవాలు దుంగ మీద పరిచి, మొద్దు కత్తితో పైనుంచి కిందికి గీకితే వెంట్రుకలూ, పై పొరా కలిసి ఊడొస్తాయి. తిరగేసి పదునుకత్తితో మాంసం చెక్కాలి. ఈ పని చెయ్యి తిరిగినవాళ్ళే చేయాలి. ఒత్తిడి కాస్త ఎక్కువైతే తోలు కోసుకుపోతుంది, తక్కువైతే కొవ్వు మిగిలి కుళ్ళుతుంది.

ఆ తరవాత తంగేడు చెక్క. దంచిన చెక్కని నీళ్ళలో నానేసి, తోలుని సంచిలాగా కుట్టి, మూడు కర్రల మీంచి వేలాడదీసి, లోపల చెక్కా నీళ్ళూ పోసేవాళ్ళు. ఎర్రటి నీళ్ళు తోలులోంచి చుక్కచుక్కగా కింద పెట్టిన కుండలోకి దిగేవి. ఆ నీళ్ళనే ముంచి మళ్ళీ సంచిలో పోయడం పిల్లల పని. చివర్న కరక్కాయ నీళ్ళు, ఆ పైన నూనె. తోళ్ళు ఊనడం అంటే ఇదంతా. సున్నంతో తాత అరచేతులు ఎప్పుడూ పగిలి ఉండేవి. రాత్రిళ్ళు నాయనమ్మ కరక్కాయ అరగదీసి ఆ పగుళ్ళకి రాసేది.

లంద వాసన వస్తే ఊళ్ళోవాళ్ళు పైట అడ్డం పెట్టుకుని తప్పుకుపోయేవాళ్ళు. ఊరి బావిలో మా చేద పడనిచ్చేవాళ్ళు కాదు. మా తాత కుట్టిన తోలు తొండంతోనే అదే ఊళ్ళో మోటబావుల నీళ్ళు తోడేవాళ్ళు. మిరప తోటలు ఆ నీళ్ళతోనే తడిసేవి. ఈ మాట కోపంతో రాయడం లేదు. జరిగింది జరిగినట్టు నమోదు కావాలని రాస్తున్నాను.

తంగేడు చెక్కతో ఊనిన దక్షిణాది తోళ్ళకి పంతొమ్మిదో శతాబ్దం నుంచే విదేశాల్లో గిరాకీ ఉండేది. సగం పదును చేసిన తోళ్ళు మద్రాసు రేవు నుంచి ఓడలెక్కి వెళ్ళేవి. పనితనం మాది, వ్యాపారం మరొకళ్ళది, చివరి మెరుగు పెట్టి లాభం తీసుకున్నది సీమ దేశాలు. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటేడు, 1948లో, మద్రాసు అడయారులో కేంద్ర తోళ్ల పరిశోధనా సంస్థకి పునాది పడింది. అందరూ సీఎల్‌ఆర్‌ఐ అంటారు. తోళ్ళని ఇంకా బాగా ఊనడం ఎలా, వృథా తగ్గించడం ఎలా అన్నవి ఆ సంస్థకి అప్పగించిన పనులు. గాయాల ఊసు అప్పుడెవరికీ లేదు.

ఆ సంస్థకి ప్రాణం పోసినవాడు యలవర్తి నాయుడమ్మ. 1922 సెప్టెంబరులో తెనాలి దగ్గర ఎలవర్రులో రైతు కుటుంబంలో పుట్టాడు. బెనారసులో పారిశ్రామిక రసాయనశాస్త్రం చదివాడు. ఆ రోజుల్లో, రైతు కులంలో పుట్టిన పిల్లవాడు తోలు చదువు చదువుతాననడం చిన్న సంగతి కాదు. అమెరికాలో లీహై విశ్వవిద్యాలయంలో డాక్టరేటు చేసి తిరిగొచ్చి సీఎల్‌ఆర్‌ఐలో పనిచేశాడు. 1958 నుంచి 1971 దాకా దానికి డైరెక్టరు. పల్లెల్లో తోలు పని చేసేవాళ్ళ దగ్గరికి శాస్త్రం వెళ్ళాలని పట్టుబట్టిన మనిషి. ఆ తరవాత దేశంలోని శాస్త్ర, పారిశ్రామిక పరిశోధనా మండలి మొత్తానికీ అధిపతి అయ్యాడు. 1985 జూన్ 23న అట్లాంటిక్ సముద్రం మీద పేలిపోయిన ఎయిరిండియా కనిష్క విమానంలో పోయాడు. తోలు పని చేసే ఇళ్ళలో ఆయన పేరు ఇప్పటికీ గౌరవంగా తలుచుకుంటారు.

నాయుడమ్మకి ఒక విషయం బాగా తెలుసు. తోలుని బాగు చేయాలంటే ముందు తోలు అంటే ఏమిటో తెలియాలి. తోలంటే కొల్లాజెన్. మన ఒంట్లో ఉండే ప్రొటీన్లలో దాదాపు మూడో వంతు అదే. చర్మం కింది పొర, ఎముక, కండని ఎముకకి కట్టి ఉంచే స్నాయువు, అన్నీ దానితోనే తయారయ్యాయి. అయినా 1950 దాకా దాని నిర్మాణం ఏమిటో ప్రపంచంలో ఎవరూ తేల్చలేదు.

తేల్చింది పక్క ఆవరణలోనే. 1952లో మద్రాసు విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్ర శాఖకి అధిపతిగా వచ్చిన జి.ఎన్. రామచంద్రన్‌కి అప్పుడు దాదాపు ముప్పై ఏళ్ళు. ఆయన పుట్టింది 1922 అక్టోబరులో, అంటే నాయుడమ్మ కంటే నెల చిన్న. ఇంగ్లండు నుంచి వచ్చిన జె.డి. బెర్నాల్ అనే శాస్త్రవేత్త మాటల్లో కొల్లాజెన్ నిర్మాణం ఇంకా తేలలేదన్న సంగతి ఎత్తాడు. రామచంద్రన్ దాన్ని పట్టుకున్నాడు. ఎక్స్ కిరణాలు పంపి చూడాలంటే మంచి నమూనా కావాలి. పొరుగునే ఉన్న సీఎల్‌ఆర్‌ఐ నుంచి కంగారూ తోక స్నాయువు దొరికింది. దాని పోగులు చక్కగా ఒకే వరసలో ఉంటాయి కాబట్టి ఎక్స్ కిరణాల ఫొటో స్పష్టంగా వస్తుంది. గోపీనాథ్ కర్తా అనే యువ సహచరుడితో కలిసి 1954లో, మళ్ళీ సవరించి 1955లో, రామచంద్రన్ తన నమూనాని నేచర్ పత్రికలో ప్రచురించాడు. మూడు పేటల తాడు ఎలా పేనుకుని ఉంటుందో కొల్లాజెన్ అలా ఉంటుంది. మూడు గొలుసులు ఒకదాని చుట్టూ ఒకటి మెలి తిరిగి ఉంటాయి. ప్రతి గొలుసులోనూ మూడేసి అమైనో ఆమ్లాలకి ఒకటి గ్లైసిన్. అన్నిటికంటే చిన్నది అదే కాబట్టి మూడు గొలుసులూ దగ్గరకి చేరే ఇరుకు చోట అదొక్కటే పడుతుంది.

1960 నవంబరులో సీఎల్‌ఆర్‌ఐ మద్రాసులో కొల్లాజెన్ మీద ఒక సదస్సు పెట్టింది. తోళ్ళ సంస్థ పెట్టిన ఆ సదస్సు ప్రసంగాలు తరవాత పుస్తకంగా వచ్చాయి. వైద్యం, జీవశాస్త్రం చదివేవాళ్ళు కూడా దాన్ని చదివారు. లందలో మొదలైన ప్రశ్న ఆసుపత్రి వైపు తిరిగిన మలుపుల్లో నా దృష్టిలో ఇది ముఖ్యమైనది.

ఇక వార్డు సంగతి చెప్పాలి. నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో కాలిన గాయానికి ఉన్నది వాజలీన్ పట్టించిన గాజుగుడ్డ, సిల్వర్ సల్ఫాడయజిన్ అనే తెల్లటి మందు, దాని మీద దూది, కట్టు. గాయం ఆరాలి, గాలి తగలాలి, పక్కు కట్టాలి అనేదే ఎక్కువమంది నమ్మకం. లండన్‌లో జార్జి వింటర్ అనే ఆయన 1962లోనే పందుల మీద ప్రయోగం చేసి దీన్ని తప్పని చూపించాడు. పైపైన గాట్లు పెట్టి, కొన్నిటిని అలాగే ఆరనిచ్చాడు, కొన్నిటి మీద పాలిథీన్ పొర కప్పి తడిగా ఉంచాడు. తడిగా ఉన్నవాటి మీద కొత్త చర్మం దాదాపు రెండింతల వేగంగా పాకింది. కారణం సులువుగానే తెలుస్తుంది. కొత్త కణాలు గాయం అంచుల నుంచి పాకుతూ రావాలి. ఎండిన పక్కు అడ్డముంటే అవి దాని కిందికి లోతుగా దిగి దారి వెతుక్కోవాలి. తడి ఉంటే నేరుగా జరిగిపోతాయి. ఇంత స్పష్టంగా తేలిన సంగతి మన జిల్లా ఆసుపత్రుల దాకా రావడానికి దశాబ్దాలు పట్టింది.

ఈలోగా మేము గాజుగుడ్డతోనే నెట్టుకొచ్చాం. పొద్దున డ్రెస్సింగు బండి చప్పుడు వినబడగానే వార్డంతా మూలుగులు మొదలయ్యేవి. నిన్నటి గాజుగుడ్డ గాయానికి అతుక్కుపోయి ఉంటుంది. సెలైను పోసి నానబెట్టి, అంచు నుంచి మిల్లీమీటరు మిల్లీమీటరు లేపాలి. ఎంత నెమ్మదిగా లేపినా నిన్న రాత్రి పుట్టిన పలచటి కొత్త చర్మం దానితో పాటే ఊడొచ్చేది. రక్తం చిమ్మేది. అంటే మేము చేసే వైద్యమే రోజూ గాయాన్ని వెనక్కి నెడుతోంది. స్టవ్ పేలి, చీర కొంగు అంటుకుని వచ్చిన ఆడవాళ్ళు, మరిగే సాంబారు గిన్నెలో పడ్డ పిల్లలు. "సిస్టరమ్మా, ఇవాళ వదిలెయ్యమ్మా, రేపు మార్చుదువుగాని" అని చేతులు పట్టుకునేవాళ్ళు. నొప్పి మందు ఇచ్చినా చాలేది కాదు.

కొల్లాజెన్ పొర మా వార్డుకి మొదటిసారి వచ్చిన రోజుల్లో అది చూడటానికి అంత గొప్పగా ఏమీ లేదు. ప్లాస్టిక్ కవరులో స్పిరిట్ వాసనతో, పలచగా, పాలిపోయిన తెలుపులో, తడిగా ఉండేది. దాన్ని ముందు సెలైనులో బాగా కడగాలి, లేకపోతే స్పిరిట్ మండుతుంది. గాయాన్ని శుభ్రం చేసి, బొబ్బల చర్మం తీసేసి, పొరని ఒక అంచు నుంచి పరుస్తూ రావాలి. కింద గాలి బుడగ, నీటి బుడగ మిగలకూడదు. తడి గుడ్డతో మధ్య నుంచి అంచులకి నొక్కుతూ తోయాలి. అక్కడక్కడ చిన్న రంధ్రాలు పొడిస్తే లోపలి నీరు బయటికి వస్తుంది. గంట గడిచేసరికి అది గాయానికి అంటుకుని ఆరడం మొదలవుతుంది. మర్నాటికి గట్టిపడి, వేలితో తడితే చప్పుడు చేస్తుంది.

ఆ మర్నాడు దాన్ని తీసే పని లేదు. అదే దాని గొప్ప. కింద చర్మం మానేకొద్దీ పొర అంచులు వాటంతటవే లేస్తాయి. లేచినంత మేర కత్తెరతో కత్తిరిస్తే చాలు. పైపైన కాలిన గాయమైతే రెండు వారాల్లో మొత్తం ఊడిపోయి కింద గులాబీ రంగు చర్మం కనిపిస్తుంది. చీము పట్టిన గాయానికి మాత్రం ఇది పనికిరాదు, లోపల చీముని మూసేస్తుంది. లోతుగా కాలినదానికీ ఇదొక్కటే చాలదు. కానీ పనికొచ్చే చోట, మా డ్రెస్సింగు బండి ఆ మంచం దగ్గర ఆగకుండా ముందుకెళ్ళిపోయేది. దాన్ని నేను కళ్ళారా చూశాను.

ఆ పొర దేనితో చేస్తారో అప్పట్లో ప్యాకెట్టు మీద చదివి తెలుసుకున్నాను. గొడ్డు తోలు, గొడ్డు స్నాయువు. ఉప్పు, కొవ్వు, రక్తం పోయేదాకా కడుగుతారు. ఆమ్లంలో ఉబ్బనిస్తారు. మన కడుపులో ఊరే పెప్సిన్ అనే ఎంజైముతో గొలుసు చివరల్ని కోసేస్తారు. పరాయి ఒంట్లో పడనివి ఎక్కువగా ఆ చివరలే. తరవాత పలచగా పోసి ఆరబెట్టి, రేడియేషన్‌తోనో వాయువుతోనో క్రిములు చంపుతారు. కడగడం, ఉబ్బించడం, అక్కరలేనిది తీసేయడం: మా తాత సున్నపు గుంటలో చేసిందీ ఇదే క్రమం. సీఎల్‌ఆర్‌ఐ శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా ఇలాంటి పొరల మీద, స్పాంజిల మీద పనిచేస్తూ వచ్చారు.

అయితే ఒక తేడా ఉంది. ఈ చరిత్ర అంతటికీ కీలకం అదే అని నా అభిప్రాయం. పచ్చి కొల్లాజెన్ కుళ్ళుతుంది, ఎంజైములకి కరిగిపోతుంది. తంగేడు చెక్కలోని టానిన్ దాని పోగుల మధ్య బంధాలు వేసి కరగకుండా కాపాడుతుంది. తోలు పనివాడికి అది ఎన్నటికీ కరగకూడదు. గాయం మీద వేసే పొర మాత్రం కరగాలి, అదీ సరైన వేళకి కరగాలి. ముందే కరిగితే కొత్త చర్మానికి ఆసరా ఉండదు. కరక్కపోతే ఒళ్ళు దాన్ని పరాయి వస్తువుగా చూసి వెలివేస్తుంది. ఎన్ని బంధాలు వేస్తే ఎన్ని వారాలుంటుందో లెక్కగట్టడమే అసలు విద్య.

ఆ విద్యలో పెద్ద అడుగు బోస్టన్‌లో పడింది. జాన్ బర్క్ కాలిన గాయాల సర్జన్. అయోనిస్ యానస్ ఎం.ఐ.టి.లో పదార్థాల గురించి చెప్పే ఆచార్యుడు. ఇద్దరూ కలిసి గొడ్డు కొల్లాజెన్‌నీ, సొరచేప మృదులాస్థిలో దొరికే కాండ్రాయిటిన్ సల్ఫేటునీ కలిపి స్పాంజి చేశారు. పైన పలచటి సిలికాన్ పొర అతికించారు. ఈ సిలికాన్ లోపలి నీరు ఆవిరైపోకుండా, క్రిములు చొరకుండా కాస్తుంది. కింద స్పాంజి రంధ్రాల్లోకి మనిషి సొంత కణాలు, రక్తనాళాలు పాకుతూ వచ్చి కొత్త కింది చర్మాన్ని అల్లుకుంటాయి. ఆ అల్లిక పూర్తయ్యేలోగా స్పాంజి కరిగిపోతుంది. అప్పుడు సిలికాన్ తీసేసి, పైన పలచటి సొంత చర్మం అతికిస్తారు. 1981లో పదిమంది రోగుల మీద ఫలితాలు ప్రచురించారు. 1996లో అమెరికా ప్రభుత్వ అనుమతి వచ్చింది. తోలు పనివాడు నిలబెట్టుకునే ఆ మధ్య పొరనే వాళ్ళు బతికున్న మనిషిలో మళ్ళీ మొలిపించారు.

మరి పై పొర? మేము మొద్దు కత్తితో గీకి పారేసేది? మూలకణాలు ఉండేది అక్కడే. పై పొర అడుగు వరసలోనూ, వెంట్రుకల కుదుళ్ళలోనూ ఉంటాయి. జీవితాంతం చర్మం పొట్టు రాలుతున్నా మళ్ళీ పుడుతూ ఉండేది వాటి వల్లే. పైపైన కాలిన చోట చర్మం తనంతట తనే మానడానికి కారణం కుదుళ్ళలో మిగిలిన ఈ కణాలు. లోతుగా కాలితే కుదుళ్ళూ పోతాయి. ఇక అంచుల నుంచి పాకి రావడం తప్ప దారి లేదు.

1975లో ఎం.ఐ.టి.లో హోవర్డ్ గ్రీన్, ఆయన విద్యార్థి జేమ్స్ రైన్వాల్డ్ మనిషి చర్మ కణాలని గాజు పళ్ళెంలో పెంచే పద్ధతి కనుక్కున్నారు. వాళ్ళు మొదట చర్మం కోసం వెతకనే లేదు, ఎలుకల గడ్డల మీద పనిచేస్తున్నారు. అందులో చర్మపు కణాలు గుంపులు కట్టడం గమనించారు. వాటికి తోడుగా ఎలుక కణాలు కావాలి. ఆ ఎలుక కణాలు పెరగకుండా రేడియేషన్ ఇచ్చి, అడుగున పరిచి, పైన మనిషి కణాలు చల్లితే అవి గుంపులుగా పెరిగి, కలుసుకుని, పొర అవుతాయి. రూపాయి బిళ్ళంత చర్మం ఉంటే కొద్ది వారాల్లో దాన్ని వేల రెట్లు పెంచవచ్చని తేలింది.

దానికి పరీక్ష 1983లో వచ్చింది. అమెరికాలోని వయోమింగ్‌లో ఇద్దరు అన్నదమ్ములు, ఐదేళ్ళవాడూ ఆరేళ్ళవాడూ, ఒంటికి పూసుకున్న రంగు కడుక్కుంటుంటే ద్రావకం అంటుకుంది. ఒళ్ళు తొంభై అయిదు శాతానికి పైగా కాలింది. అతికించడానికి ఒంటి మీద చర్మం లేదు. బోస్టన్‌లో డాక్టర్లు చంకలో మిగిలిన కొద్దిపాటి చర్మం తీసి గ్రీన్ పద్ధతిలో పెంచారు. పెరిగిన చిన్న చిన్న పొరల్ని గాజుగుడ్డకి అంటించి, ఒకటొకటిగా ఒంటి మీద పరిచారు. సగానికి పైగా ఒళ్ళు అలా కప్పారు. పిల్లలిద్దరూ బతికారు. మరుసటేడు ఆ వివరాలు వైద్య పత్రికలో వచ్చాయి. మా వార్డులో అంతమేర కాలిన పిల్లల్ని చూసిన నాకు ఆ రెండు ప్రాణాలు నిలవడం ఎంత పెద్ద సంగతో తెలుసు.

కానీ ఆ పొరలకో లోపం ఉంది. కింది చర్మం లేని చోట అతికించిన పై పొర పెళుసుగా ఉంటుంది. రుద్దుకుంటే బొబ్బలు లేస్తుంది, ముడుచుకుంటుంది. రెండు పొరలూ కావాలి. అందుకే ఆ తరవాతి ప్రయత్నాలన్నీ కొల్లాజెన్ స్పాంజి, పెంచిన కణాలు ఈ రెండింటినీ కలిపే దిశగా నడిచాయి.

గ్రీన్ దగ్గర మొదలైన పని ఇటలీలో మిషెల్ డె లూకా చేతిలో మరింత ముందుకెళ్ళింది. 2015లో జర్మనీలోని బోకుమ్‌లో ఏడేళ్ళ సిరియా బాలుడికి, పుట్టుకతో వచ్చిన జన్యులోపం వల్ల చర్మమంతా ఊడిపోతుంటే, వాడి చర్మ కణాల్లో జన్యువుని సరిచేసి, పెంచి, ఒంట్లో దాదాపు ఎనభై శాతం మేర కప్పారు. 2017లో ఆ వివరాలు ప్రచురించారు. కొత్త చర్మాన్ని ఆ తరవాత కూడా నిలబెడుతున్నవి పరిచిన కణాలన్నీ కావనీ, వాటిలోని కొద్దిపాటి మూలకణాలేననీ కణాల్లోని గుర్తుల్ని బట్టి తేలింది. మూలకణాల మాటకి చర్మం విషయంలో దొరికిన గట్టి రుజువుల్లో ఇదొకటి.

మన దేశంలో ఈ పనులు జరగలేదని కాదు. హైదరాబాదు ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో రసాయనాలు పడి కాలిన కంటికి, మంచి కంటి అంచు నుంచి మూలకణాలు తీసి, మాయ పొర మీద పెంచి అతికించారు. ఇలా వందల మందికి చూపు తెప్పించారు. మాయ పొర అంటే బిడ్డతో పాటు వచ్చే ఉమ్మనీటి సంచి పొర. కాలిన గాయాల మీద వేయడానికి ఆ పొరని వందేళ్ళ పైనుంచే వాడుతున్నారు. తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థ పంది పిత్తాశయం నుంచి గాయాలకి వాడే పొర తయారు చేసింది.

డబ్బు లేనివాళ్ళ కోసం బొంబాయి డాక్టర్లు చేసిన పని నాకు అన్నిటికంటే నచ్చుతుంది. వాడియా పిల్లల ఆసుపత్రిలో డాక్టర్ కేస్వానీ ఉడికించిన బంగాళాదుంప తొక్కల్ని గాజుగుడ్డకి వరసగా అంటించి, చుట్టచుట్టి, ఆవిరిలో శుద్ధి చేసి డ్రెస్సింగుగా వాడాడు. 1985లో ఆ వివరాలు ప్రచురించాడు. తొక్క గాయానికి అంటుకోదు, తడి పోనివ్వదు. ఆ తరవాత సయన్ ఆసుపత్రిలో డాక్టర్ మాధురి గోరే అరిటాకుతో అదే పని చేసి చూపించింది. పెద్ద ప్రయోగశాల అక్కరలేదు, నొప్పి తెలిసిన మనసూ గాయం తెలిసిన బుర్రా ఉంటే చాలని వీళ్ళు నిరూపించారు.

ఒక తండ్రి గురించి చెప్పాలి. కృష్ణా కరకట్ట మీది ఊరి నుంచి వచ్చిన పెద్ద రైతు. ఆరేళ్ళ కూతురి వీపు కాలింది. కొల్లాజెన్ పరిచే ముందు అది దేనితో చేశారో తల్లిదండ్రులకి చెప్పడం నా పద్ధతి. ఒంటి మీద వేసేదేమిటో తెలుసుకునే హక్కు ఎవరికైనా ఉంటుంది. ఇష్టం లేనివాళ్ళకి వేరే దారి చూపించాలి. ఆయనకీ చెప్పాను. గొడ్డు తోలు అనగానే మొహం మారింది. కాసేపు పాప వంక చూస్తూ నిలబడ్డాడు. "కట్టు ఇప్పేటప్పుడు నొప్పి తగ్గుద్దా సిస్టరమ్మా?" అన్నాడు. "ఇప్పే పనే ఉండదు బాబాయ్" అన్నాను. "అయితే వెయ్యి తల్లీ" అన్నాడు. ఆ పొర పరుస్తుంటే మా తాత దుంగ మీద వంగి గీకిన తోలు నా చేతి కింద ఉన్నట్టనిపించింది.

ఇప్పుడు మూలకణాల పేరుతో ఊరూరా వ్యాపారం కూడా మొదలైంది. కొవ్వు నుంచో, ఎముక మజ్జ నుంచో, బొడ్డుతాడు నుంచో తీసిన కణాలు గాయం మానడానికి సాయపడతాయని పరిశోధనలు జరుగుతున్నమాట నిజం. ఈ కణాలు ఎక్కువగా తాము చర్మంగా మారవు, చుట్టుపక్కల కణాలకి సంకేతాలు పంపి పని చేయిస్తాయని శాస్త్రవేత్తల అవగాహన. కానీ పరిశోధన వేరు, వైద్యం వేరు. భారత వైద్య పరిశోధనా మండలి మార్గదర్శకాల ప్రకారం అనుమతి పొందిన కొద్ది జబ్బులకి తప్ప మూలకణాలని పరిశోధన బయట వాడకూడదు. పరిశోధనలో చేరే రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. షుగరు పుండు మానుతుందని లక్షలు అడిగేవాళ్ళ దగ్గరికి వెళ్ళకండి.

పెంచిన చర్మం, బోస్టన్ స్పాంజి మన పెద్దాసుపత్రి మంచం మీదున్న కూలి మనిషికి ఇంకా అందవు. ధర అలాంటిది. మన దేశంలో ఏటా దాదాపు 70 లక్షల మంది కాలిన గాయాల పాలవుతున్నారనీ, 1.4 లక్షల మంది చనిపోతున్నారనీ ప్రభుత్వ అంచనా. వాళ్ళలో చాలామందిని నిలబెట్టగల పొర మరొకటి ఉంది. అది మనిషి చర్మమే. చనిపోయినవాళ్ళ నుంచి తీసిన చర్మం లోతుగా కాలిన ఒంటిని మూడు వారాల దాకా కాపాడుతుంది. ఆ తరవాత ఒళ్ళు దాన్ని వదిలించుకుంటుంది. ఎందుకు వదిలించుకుంటుందో పీటర్ మెడావర్ 1940లలో కాలిన రోగుల్ని పరిశీలించడంతోనే తెలుసుకోవడం మొదలుపెట్టాడు. ఆ మూడు వారాల్లో రోగి కోలుకుంటాడు, సొంత చర్మం అతికించే వ్యవధి దొరుకుతుంది.

బొంబాయి సయన్ ఆసుపత్రిలో 2000 సంవత్సరంలోనే చర్మనిధి మొదలైంది. మన హైదరాబాదు ఉస్మానియా ఆసుపత్రిలోనూ ఉంది. చనిపోయిన ఆరు గంటలలోపు కబురు చేస్తే సిబ్బంది ఇంటికే వస్తారు. తొడల నుంచి, కాళ్ళ నుంచి, వీపు నుంచి పై పొరని మాత్రమే పలచగా తీస్తారు. ముప్పావు గంటలో పని అయిపోతుంది. రక్తం కారదు, మనిషి రూపు మారదు. కట్టు కట్టి అప్పగిస్తారు. రక్తం గ్రూపు కలవాల్సిన పని లేదు. గ్లిజరాల్‌లో చల్లగా ఉంచితే ఆ చర్మం ఐదేళ్ళ దాకా పనికొస్తుంది. హెచ్.ఐ.వి., కామెర్ల వైరస్‌లు, చర్మ క్యాన్సరు లాంటివి ఉన్నవాళ్ళది మాత్రం తీసుకోరు. నేను నా పేరు రాసిచ్చాను, మా పిల్లలకీ చెప్పి ఉంచాను. కళ్ళు ఇవ్వడానికి ఒప్పుకుంటున్న మనవాళ్ళు చర్మం ఇవ్వడానికీ ఒప్పుకోవాలి. ఇంట్లో ఈ మాట ఇవాళే ఎత్తండి. చావు వేళ ఆరు గంటలు చాలా త్వరగా గడిచిపోతాయి.